ఆకాశంలో ఉయ్యాల

చంటిపిల్లలకు బిజినెస్ క్లాసేమిటండీ, విడ్డూరం కాకపోతే!

ఈ మాట మా వీధిలో అననివాళ్ళు లేరు. ఎదురింటి మాస్టారు మొహమ్మీదే అన్నారు. పక్కింటి పిన్నిగారు గోడమీంచి అన్నారు. మా ఆడపడుచు ఫోనులో అని, "ఏమీ అనుకోకు వదినా" అని కూడా అన్నది. మావారు మాత్రం పేపరు దించకుండానే, "ఆ డబ్బుతో మేడమీద ఇంకో గది వేసుకోవచ్చు" అన్నారు.

వాళ్ళ మాటలో అన్యాయమేమీ లేదు లెండి. అయిదేళ్ళ పిల్లకు పడకసీటెందుకు? ఎనిమిది నెలల పిల్లాడికి పింగాణీ పళ్ళెంలో భోజనమెందుకు? వాడికి పళ్ళే రాలేదాయె! కానీ ఈ ప్రశ్న మా ఇంటిదొక్కటే కాదు. ఇవాళ గోదావరి జిల్లాల్లో ఏ వీధిలోకి వెళ్ళినా, కూతురో కొడుకో అమెరికాలో లేని ఇల్లు వెతుక్కోవాలి. ఆ పిల్లలకు పిల్లలు పుడతారు. వాళ్ళను తాతకూ అమ్మమ్మకూ చూపించాలని తీసుకొస్తారు. రేపో మాపో ఈ ప్రశ్న మీ గుమ్మంలోకీ వస్తుంది. అందుకని నేను చూసిందీ, తెలుసుకున్నదీ నాలుగు మాటలు చెబుతాను.

మా అమ్మాయి వుండేది డాలస్ దగ్గర. కిందటి వేసవిలో అక్కడి బడులకు సెలవులివ్వగానే పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని ఒక్కతే వచ్చింది. అల్లుడుగారికి సెలవు దొరకలేదు. పెద్దది చిట్టి, అయిదేళ్ళది. రెండోవాడికి అప్పటికి ఆరు నెలలు. వచ్చేటప్పుడు ఎకానమీలోనే వచ్చింది. డాలస్ నుంచి దోహాకు పద్నాలుగు గంటల పైమాట. అక్కణ్ణించి హైదరాబాదుకు ఇంకో నాలుగు గంటలు. తరవాత రాజమండ్రి దాకా రైలు.

వచ్చిన దగ్గర్నుంచీ పిల్ల వాలకం నాకు నచ్చలేదు. పుట్టింటికి వచ్చిన పిల్ల పదింటిదాకా పడుకోవాలా? ఇది పడుకునేదే కాదు. రాత్రి రెండింటికి లేచి చూస్తే మంచమ్మీద కూర్చుని పిల్లాడి వంక చూస్తూ వుండేది. "వాణ్ణి నా దగ్గర పడుకోబెట్టు తల్లీ" అంటే, "ఫరవాలేదమ్మా" అనేది. ఒకరోజు కాఫీలో పంచదార వేసుకుంటూ వేసుకుంటూ భోరుమంది. ఎందుకే అంటే, ఏమీ లేదంది.

అసలు సంగతి నెల్లాళ్ళకు గాని చెప్పలేదు. దోహా ఇంకో మూడు గంటల్లో వస్తుందనగా, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే కునికిందట. కళ్ళు తెరిచేసరికి పిల్లాడు పక్కసీటులో పెద్దావిడ చేతుల్లో వున్నాడు. ఒళ్ళోంచి జారిపోతూంటే ఆవిడ అందుకున్నదట. వాడికి మెలకువ కూడా రాలేదు. ఆవిడ ఒక్క మాట అనకుండా, తన భాషలో ఏదో చెప్పి, పడుకోమని చేత్తో సైగ చేసిందట. ఏ భాషో మా అమ్మాయికి తెలియలేదు. కానీ ఆ క్షణం నుంచీ ఈ పిల్ల పడుకోవడం మానేసింది. కన్ను మూతపడితే చేతులు వదులైపోతాయని భయం.

"తిరిగి ఆ విమానం ఎలా ఎక్కనమ్మా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అల్లుడుగారి దగ్గర వుంది. "అత్తయ్యగారూ, మీరు తోడు వెళ్ళండి. టిక్కెట్ల సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. మూడేళ్ళుగా బ్యాంకు కార్డుమీద పోగుపడ్డ పాయింట్లూ, కొంత చేతి డబ్బూ వేసి, మా ముగ్గురికీ బిజినెస్ క్లాసు తీసుకున్నారు. అదీ కథ. విలాసం కోసం పుట్టిన ఆలోచన కాదు, భయంలోంచి పుట్టింది.

ఇక లెక్కల సంగతి వినండి. ఇంతదూరపు ప్రయాణంలో బిజినెస్ క్లాసు టిక్కెట్టు, ఎకానమీకి మూడు నాలుగు రెట్లు వుండడం మామూలు. రెండేళ్ళు నిండని పిల్లకు వేరే సీటు అక్కర్లేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. దానికి సాధారణంగా పెద్దవాళ్ళ ధరలో పదో వంతు తీసుకుంటారు. పదో వంతే కదా అనుకోకండి. బిజినెస్ క్లాసు ధరలో పదో వంతు! సీటివ్వరు, భోజనం చెయ్యడు, అయినా కట్టాలి. రెండేళ్ళు దాటితే సీటు కొనవలసిందే. పన్నెండేళ్ళలోపు పిల్లలకు చాలా సంస్థలు కొంత తగ్గిస్తాయి. ఒక లాభం కూడా వుంది. అమెరికా వెళ్ళేవాళ్ళకు ఎకానమీలో సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు పట్టనిస్తే, బిజినెస్ క్లాసులో 32 కిలోలవి రెండు పట్టనిస్తారు. ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు — మా ఇంట్లో ఈ తరగతిని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది ఈ ఒక్క విషయంలోనే.

విమానంలో పడక కొత్త విషయమేమీ కాదు. 1940లలో, 50లలో పంఖాల విమానాలు సముద్రాలు దాటేటప్పుడు రైల్లో మాదిరిగా పై బెర్తులూ కింది బెర్తులూ వుండేవి. 1948 జూన్‌లో బొంబాయి నుంచి లండన్‌కు ఎయిర్ ఇండియా మొదటి విమానం వెళ్ళింది. కైరోలో ఆగి, జెనీవాలో ఆగి మరీ వెళ్ళింది. ఆ కాలపు ఫొటోల్లో సామాన్ల అర దగ్గర వేలాడదీసిన చిన్న తొట్లలోంచి పసిపిల్లలు తొంగిచూస్తూ కనిపిస్తారు. తరవాత జెట్ విమానాలు వచ్చాయి. ప్రయాణం గంటల్లోకి దిగింది, సీట్లు పెరిగాయి, బెర్తులు పోయాయి. బిజినెస్ క్లాసనే మాట పుట్టింది 1970ల చివర్లో. అందులో పూర్తిగా చదునయ్యే పడకను బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లో పెట్టింది. అక్కణ్ణించి మిగతావాళ్ళూ అదే దారి పట్టారు.

పేరు చూశారా? బిజినెస్ క్లాసు. వ్యాపారం మీద వెళ్ళే మనిషి, ఒంటరిగా ఎక్కి, ఒంటరిగా పడుకుని, దిగగానే మీటింగుకు వెళ్ళడానికి చేసిన ఏర్పాటది. లోపలికి అడుగుపెట్టగానే ఆ సంగతి తెలుస్తుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క గూడు. చుట్టూ నడుమెత్తు గోడ. కాళ్ళు పెట్టుకోవడానికి ఓ సొరంగం. ఎదురుగా బల్లంత టీవీ. మన పక్కన ఎవరున్నారో మనకు కనపడకూడదు, మనం వాళ్ళకు కనపడకూడదు. ఆ కనపడకపోవడానికే అంత ధర.

కానీ పిల్లలకు కావలసింది సరిగ్గా దానికి తిరకాసు కదండీ! వాళ్ళకు పక్కన మనిషి కనపడాలి. కనపడితే చాలదు, తగలాలి.

మధ్య వరసలో ముందు రెండు సీట్లు అమ్మాయికీ చిట్టికీ ఇచ్చారు. వాటి మధ్య గోడ కిందికి దిగుతుంది గనుక తల్లీ కూతుళ్ళు మొహాలు చూసుకోవచ్చు. నాకు నడవ అవతల, కిటికీ పక్కన. చంటిపిల్లల తొట్టి ముందు గోడకు మాత్రమే తగిలిస్తారు. అందుకని ఆ సీట్లు ముందుగా అడిగి పెట్టుకోవాలి. తొట్లు వుండేవి నాలుగైదే. అడిగేవాళ్ళు అంతకు మించి. తొట్టికి బరువు హద్దు కూడా వుంది. సాధారణంగా పది, పదకొండు కిలోలు. బొద్దుగా వున్న పిల్లలకు అందులో చోటు లేదు. అమ్మమ్మల చేతిముద్దలకు అక్కడ శిక్ష పడుతుందన్నమాట.

చిట్టికి మొదటి గంట పండగే. మీట నొక్కితే సీటు వెనక్కి వాలుతుంది. ఇంకో మీట నొక్కితే కాళ్ళు లేస్తాయి. పదిహేనుసార్లు పడుకుంది, పదిహేనుసార్లు లేచింది. హోస్టెస్ అమ్మాయి తెచ్చిన సంచీలో రంగు పెన్సిళ్ళూ, బొమ్మా దొరికాయి. టీవీ దూరంగా వుందని దాని మీదికి ఎక్కబోయింది. రెండో గంట మొదట్లోనే, "అమ్మమ్మా, ఇంకెంతసేపు?" అంది. డాలస్‌కు ఇంకా పద్నాలుగున్నర గంటలుంది.

అన్నట్టు చెవుల సంగతి చెప్పాలి. విమానం ముప్ఫయ్ అయిదువేల అడుగుల పైన పోతున్నా, లోపల గాలి ఒత్తిడి మాత్రం ఆరేడు వేల అడుగుల కొండమీద వున్నట్టు వుంచుతారు. ఇంచుమించు ఊటీలో కూర్చున్నట్టన్నమాట. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ ఒత్తిడి మారుతూంటే చెవులు దిబ్బెళ్ళు పడతాయి. దిగేటప్పుడే నొప్పి ఎక్కువ. మనం గుటక వేస్తాం, ఆవులిస్తాం, సర్దుకుంటుంది. పసివాడికి ఆ సంగతి ఎవరు చెబుతారు? అందుకని దిగడం మొదలెట్టగానే పాలు పట్టాలి. గుటక వేసినప్పుడల్లా చెవి లోపలి సన్నని గొట్టం తెరుచుకుని నొప్పి తగ్గుతుంది. విమానం నేలకు దగ్గరయ్యాక పడదామంటే ఆలస్యమే. నేల తాకడానికి అరగంట ముందే దిగడం మొదలవుతుంది. ఈ విషయంలో ముందు తరగతికీ వెనక తరగతికీ తేడా లేదు. చెవులకు తరగతులు తెలియవు.

గాలి కూడా బొత్తిగా పొడిగా వుంటుంది. తేమ నూటికి ఇరవై పాళ్ళు కూడా వుండదు. పెదాలు ఎండిపోతాయి. పిల్లలకు తరచు నీళ్ళో పాలో పడుతూ వుండాలి. 2006లో లండన్‌లో బయటపడ్డ కుట్ర తరవాత, చేతిసంచీలో 100 మిల్లీలీటర్లు మించిన సీసా చాలాచోట్ల పట్టనివ్వడం లేదు గాని, ప్రయాణానికి సరిపడా పసిపిల్లల పాలకు మటుకు మినహాయింపు వుంది. తనిఖీ దగ్గర ముందే చెప్పి చూపిస్తే సరి.

ఇప్పుడో చిన్న ముచ్చట. మా వెనక గూట్లో నడివయసు పెద్దమనిషి ఒకాయన వున్నాడు. మెళ్ళో టై, ఒళ్ళో లాప్‌టాపు. మేం సర్దుకుంటూండగా తొట్టి తెచ్చి గోడకు తగిలించారు. ఆయన ఆ తొట్టి వంక చూశాడు. పిల్లాడి వంక చూశాడు. హోస్టెస్‌ను పిలిచి మెల్లిగా ఏదో అడిగాడు. అయిదు నిమిషాల్లో సంచీ తీసుకుని వెనక వరసల్లోకి వెళ్ళిపోయాడు. మా అమ్మాయి మొహం కందగడ్డ అయిపోయింది. "చూశావా అమ్మా, మనవల్ల లేచిపోయాడు" అంది.

నాకు కోపం రాలేదు. ఆయన కొనుక్కున్నది నిద్ర. మేం కొనుక్కున్నదీ నిద్రే. ఒకే సరుకు కోసం వచ్చిన ఇద్దరు బేరగాళ్ళం. ఇందులో ఆయన దుర్మార్గం ఏముంది?

ఈ తగాదా లోకంలో కొత్తది కాదు. మలేషియా ఎయిర్‌లైన్స్ వారు కొన్ని విమానాల మొదటి తరగతిలో చంటిపిల్లల్ని ఎక్కించడం లేదన్న సంగతి 2011లో బయటికొచ్చి పెద్ద గొడవైంది. మన ఇండిగో వారు 2016లో కొన్ని వరసల్ని నిశ్శబ్ద వరసలని పేరు పెట్టి, పన్నెండేళ్ళలోపు పిల్లలకు అక్కడ చోటు లేదన్నారు. 2019లో జపాన్ ఎయిర్‌లైన్స్ వారు ఇంకో ఉపాయం చేశారు. సీట్ల పటంలో చంటిపిల్లలున్న చోట చిన్న గుర్తు పెట్టారు. ఇష్టంలేనివాళ్ళు దూరంగా ఎంచుకోవచ్చు. ఇది నాకు న్యాయంగానే తోచింది. ఎవర్నీ గెంటలేదు, ఎవర్నీ మోసం చెయ్యలేదు.

పిల్లలతో ఎక్కే తల్లులు కొందరు, ఇరుగుపొరుగు సీట్లవాళ్ళకు మిఠాయిలూ, చెవుల్లో పెట్టుకునే బిరడాలూ పొట్లాలు కట్టి పంచుతున్నారట. "మా బాబు ఏడిస్తే క్షమించండి" అని చీటీ కూడా పెడతారట. మా అమ్మాయి అలాటివి చెయ్యాలని బయల్దేరితే నేనే వద్దన్నాను. పిల్లల్ని కన్నందుకు క్షమాపణ ఎందుకు? అయితే ఏడుస్తున్న పిల్లాణ్ణి గూట్లో కూర్చోబెట్టుకుని, టిక్కెట్టు కొన్నాం గనక మా ఇష్టం అనడమూ మర్యాద కాదు. లేవాలి. ఎత్తుకోవాలి. వంటసామాన్ల గది దగ్గర కాస్త చోటుంటుంది. అక్కడ అటూ ఇటూ తిప్పాలి. మనం పాటుపడుతున్నామని కనిపిస్తే ఎంత విసుగు మనిషైనా సగం విసుగు మింగేస్తాడు.

భోజనాల వేళ తెల్లటి బట్ట పరిచారు. పింగాణీ పళ్ళాలు, చెంచాలు, కత్తులు వచ్చాయి. పిల్లల భోజనం ఒకరోజు ముందే చెప్పి పెట్టుకోవాలి, అల్లుడుగారు చెప్పారు. వచ్చింది కూడా. ముద్దుగా కోసిన కూరముక్కలూ, ఏదో పిండివంటా. చిట్టి దాని వంక చూసి, "అమ్మమ్మా, నీ డబ్బా తియ్యి" అంది. నా సంచీలో ఇంట్లో కలిపిన పులిహోర వుంది, చేగోడీలున్నాయి. ఆ తెల్లబట్ట మీద, ఆ వెలుగుల మధ్య, పులిహోర ముద్దలు చేసి పెట్టాను. హోస్టెస్ అమ్మాయి ముసిముసిగా నవ్వుతూ అటు తిరిగింది. కావాలా అన్నాను. నాలుగు చేగోడీలు పట్టుకెళ్ళింది.

ఇక నిద్ర. అసలు కథ ఇక్కడే వుంది.

దోహాలో పొద్దున ఎనిమిదింటికి బయల్దేరిన విమానం పడమటికి పోతుంది. సూర్యుడూ పడమటికే పోతాడు. పదహారు గంటలు ప్రయాణం చేసినా, వేసవిలో పొద్దు గుంకదు. డాలస్‌లో దిగేసరికి అదే రోజు మధ్యాహ్నం నాలుగు. కిటికీలు మూసి, దీపాలార్పి, కృత్రిమంగా రాత్రి చేస్తారు. మన దేశానికీ అక్కడికీ వేసవిలో పదిన్నర గంటల తేడా. పసివాడి ఒంటికి అదంతా ఏం తెలుసు? పడుకోవలసిన వేళలో లేస్తాడు, లేవవలసిన వేళలో పడుకుంటాడు. ఆ తేడా సర్దుకోవడానికి దిగాక వారం పది రోజులు పడుతుంది.

దీపాలార్పాక మా ముగ్గురి సీట్లూ పడకలు చేసి, పరుపు పరిచి, దుప్పట్లిచ్చారు. చంటాడు తొట్టిలో పడుకున్నాడు. ఆ తొట్టి చూస్తే నాకు వెనకటి రోజులు గుర్తొచ్చాయి. మావారికి ఢిల్లీలో ఉద్యోగమైనప్పుడు ఇదే అమ్మాయిని చంటిపిల్లగా తీసుకుని విజయవాడలో జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళం. బెర్తు గొలుసులకు పాత చీర కట్టి ఉయ్యాల వేసేదాన్ని. రైలే ఊపేది. పెట్టెలో ఎవరో ఒకరు, "మీరు పడుకోండమ్మా, మేం చూస్తూంటాం" అనేవాళ్ళు. ఆ చీరకు బరువు హద్దు లేదు, పదో వంతు ధర లేదు.

పడక సిద్ధమైంది, పిల్లాడు పడుకున్నాడు. ఇంకేం కావాలి? మా అమ్మాయి నిద్రపోవాలి. పోలేదు. నడవ ఇవతల నుంచి చూస్తున్నాను. పడుకున్నట్టే పడుకుని, అయిదు నిమిషాలకోసారి లేచి తొట్టిలోకి చూస్తోంది. మధ్యలో కుదుపులొచ్చాయి. బెల్టుల దీపం వెలిగింది. కుదుపులప్పుడు పిల్లాణ్ణి తొట్టిలో వుంచనివ్వరు. బయటికి తీసి, ఒళ్ళో పెట్టుకుని, తల్లి బెల్టుకు తగిలించిన చిన్న బెల్టు వాడికి వెయ్యాలి. వాడు లేచి ఏడుపు. దీపం ఆరింది. మళ్ళీ తొట్టి. అరగంటకు మళ్ళీ దీపం. ఇటు చిట్టి తన పడక వదిలేసి, నడవ దాటి వచ్చి, "అమ్మమ్మా, అక్కడ ఒక్కదాన్నీ పడుకోలేను" అని నా దుప్పట్లో దూరింది. అంత ఖరీదు పెట్టి కొన్న పడక ఖాళీగా పడివుంది. ఒక్కరికి చేసిన పడకలో మేమిద్దరం ఒత్తిగిల్లకుండా పడుకున్నాం.

ఏడు గంటలు ఇలాగే గడిచాయి. చివరికి చిట్టి నిద్రపోయాక లేచి వెళ్ళాను. తొట్టిలోంచి చంటాణ్ణి తీసి భుజాన వేసుకున్నాను. చిట్టి ఖాళీ చేసిన సీటులో, తల్లికి ఎదురుగా కనిపించేటట్టు కూర్చున్నాను.

"అమ్మాయ్, నా వంక చూడు. నేను పడుకోను. నువ్వు ఎప్పుడు కళ్ళు తెరిచినా వీడు నా భుజమ్మీదే వుంటాడు."

"నువ్వు కునికితే?" అంది.

"కునికితే ఆ హోస్టెస్ పిల్లకిస్తాను. ఆ పిల్ల నా చేగోడీలు తిన్నది" అన్నాను.

నవ్వింది. రెండు నెలల్లో అది నవ్వడం అప్పుడే చూశాను. తరవాత ఒకసారి కళ్ళు తెరిచి చూసింది. ఇంకోసారి చూసింది. మూడోసారి చూడలేదు. నాలుగున్నర గంటలు పడుకుంది. చెయ్యి పక్కకు జారి, వేళ్ళు విచ్చుకుని, చిన్నప్పుడు జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో పడుకున్నట్టే పడుకుంది. నేను రెండుసార్లు లేచి వాణ్ణి తిప్పాను, ఒకసారి పాలు పట్టాను. టీవీలో పటం మీద మా విమానం గ్రీన్‌లాండ్ మీదినుంచి చీమలా పాకుతోంది.

ఆ పడక వల్ల నడుము వాల్చే వీలు కలిగింది, అబద్ధం చెప్పను. సీట్లో నిటారుగా కూర్చుని ఆ పిల్ల అంతసేపు పడుకునేది కాదు. కానీ పడక ఏడు గంటలుగా అక్కడే వుంది. నిద్ర మాత్రం, ఒక మనిషి ఎదురుగా మెలకువగా కూర్చున్నాకే వచ్చింది.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఒళ్ళో పిల్ల అనేది అలవాటే గాని, అన్నిటికన్నా క్షేమమైనది కాదు. 1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి యంత్రం పగిలి సూ సిటీలో కూలినంత పనిగా దిగింది. లోపలున్న 296 మందిలో 184 మంది బతికారు. ఒళ్ళో పిల్లలు నలుగురున్నారు. అప్పటి నియమం ప్రకారం వాళ్ళను నేలమీద దుప్పట్ల మధ్య పడుకోబెట్టమని తల్లులకు చెప్పారు. నలుగురిలో ఒక పిల్లవాడు పోయాడు. అలా చెప్పవలసి వచ్చిన హోస్టెస్ జాన్ బ్రౌన్, ప్రతి పిల్లకూ వేరే సీటూ, తగిన బెల్టూ వుండాలని ఆ తరవాత ఏళ్ళ తరబడి పోరాడింది. అక్కడి ప్రభుత్వం చట్టం చెయ్యలేదు. టిక్కెట్టు కొనలేని వాళ్ళు కార్లలో బయల్దేరితే రోడ్డుమీద ఇంతకన్నా ఎక్కువమంది పోతారని వాళ్ళ వాదన. అయినా, వీలున్నవాళ్ళు పిల్లకు వేరే సీటు తీసుకుని, ఆమోదం వున్న పిల్లల కుర్చీ బిగించుకోవడం మేలని ఆ ప్రభుత్వమే చెబుతుంది. అయితే బిజినెస్ క్లాసులో కొన్ని సీట్ల బెల్టులోనే గాలిసంచీ వుంటుంది, కొన్ని సీట్లు ఏటవాలుగా వుంటాయి. అలాటి చోట పిల్లల కుర్చీ పట్టకపోవచ్చు. డబ్బు కట్టే ముందే అడిగి తెలుసుకోవాలి.

పిల్లలు పడుకోవడానికి మందు పట్టే అలవాటు కొందరికి వుంది. జలుబు మందు ఒక చెంచా పోస్తే చాలంటారు. పిల్లల డాక్టర్లు వద్దంటారు. కొందరు పిల్లలకు ఆ మందు నిద్ర తేవడానికి బదులు, ఉన్న నిద్ర పోగొట్టి ఎగిరేట్టు చేస్తుంది. మూసిన విమానంలో అంతకంటే కష్టమేముంది? దానికి బదులు రెండు జతల బట్టలు చేతిసంచీలో ఎక్కువ పెట్టుకోండి — పిల్లకే కాదు, తల్లికి కూడా. వాంతి చేసుకునేది పిల్లే అయినా, తడిసేది తల్లి.

డాలస్‌లో దిగాక వారం రోజులకు, ఒక రాత్రి చంటాణ్ణి నా గదిలో పడుకోబెట్టుకుంటానంటే మా అమ్మాయి సరేనంది. తలుపు దగ్గర ఒక నిమిషం నిలబడి చూసింది. వెళ్ళి పడుకుంది. పొద్దున ఏడింటికి లేచింది.

ఇక మీరు అడిగే ప్రశ్న: ఆ డబ్బు పెట్టొచ్చునా? నా లెక్క ఇది. పిల్లలతో దూరప్రయాణం చేసే తల్లికి ముందుగా కావలసింది పక్కన ఇంకో మనిషి. ఒక్క బిజినెస్ క్లాసు టిక్కెట్టు డబ్బుతో, ఎకానమీలో తోడు మనిషిని తీసుకెళ్ళి తీసుకురావచ్చు. అమ్మమ్మో, నాయనమ్మో, పిన్నో, సెలవు పెట్టగలిగితే మొగుడో ఎవరైనా సరే. రెండోది, వీలైతే పసివాడికి సొంత సీటు. ఈ రెండూ అమిరాక ఇంకా డబ్బు మిగిలితే, అప్పుడు పడక. అదీ పిల్లల పేర కొనకండి. పిల్లలకు నేలమీదైనా నిద్ర వస్తుంది. తల్లి పేర కొనండి.

మీ అమ్మాయో కోడలో పిల్లల్నెత్తుకుని అంతదూరం బయల్దేరుతున్నానని ఫోను చేస్తే, టిక్కెట్టు ఎంతయిందని తరవాత అడగొచ్చు. ముందు, నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయిందే అని అడగండి.